392 ల్యాపులు

2016 మే 29, ఆదివారం రాత్రి. అమెరికాలోని కాంకర్డ్‌లో, షార్లెట్ మోటార్ స్పీడ్‌వే అనే కార్ల రేసు ట్రాక్‌లో, నాలుగో మలుపు దగ్గర మేమెప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాం. కాళ్ళ దగ్గర కూలర్లో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, చేగోడీలు, ఐసులో నీళ్ళ సీసాలు. సగం రేసు అయిపోయింది. ఉన్నట్టుండి పెద్దాయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్టి, డ్రైవర్ల రేడియో మాటలు వినే స్కానర్‌తో సహా సంచిలో పెట్టేశారు.

నాకు గుండెల్లో కలుక్కుమంది. అప్పటికి 16 ఏళ్ళుగా ఆయన పక్కన కూర్చుని రేసులు చూస్తున్నాను. రేసు ముగిసిందని చెప్పే గళ్ళ జెండా పడకముందే ఆయన హెడ్‌ఫోన్లు తీయడం అదే మొదటిసారి. బ్యాటరీ అయిపోయిందా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు.

"వినడానికి ఏముంది?" అన్నారు.

ఆ రోజు మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్ 400 ల్యాపుల్లో, అంటే ట్రాక్ చుట్టూ 400 చుట్లలో, 392 ల్యాపులు అందరికన్నా ముందున్నాడు. 600 మైళ్ళ రేసులో 588 మైళ్ళు! నాస్కార్ అనే ఈ అమెరికా కార్ల రేసుల చరిత్రలో అప్పటిదాకా ఒక్క రేసులో ఎవరూ అంత దూరం ముందుండి నడపలేదు. ట్రూఎక్స్ మీద నాకు కోపం లేదు. ఎన్నో రేసులు చేతిదాకా వచ్చి జారిపోయిన మనిషి. ఆ గెలుపు అతనికి దక్కాల్సిందే. కానీ టికెట్ కొనుక్కుని, మే నెల ఉక్కలో నాలుగు గంటలు కూర్చున్న వాళ్ళకు దక్కిందేమిటి? మా వెనక వరసలో ఇద్దరు పిల్లలు తండ్రి ఒళ్ళో నిద్రపోయారు. అంత మోతలో పిల్లలు నిద్రపోయారంటే అక్కడ లేచి నిలబడి చూడాల్సింది ఏమీ జరగలేదన్నమాట.

నేను షార్లెట్ వచ్చింది 1999లో. వైటూకే రోజులు. ఒక బ్యాంకులో మెయిన్‌ఫ్రేమ్ పని. నా పక్క సీట్లో కోబాల్ రాసేవారు ఈ పెద్దాయన. కన్నాపొలిస్‌లో పుట్టి పెరిగారు. వాళ్ళ నాన్న అక్కడి తువ్వాళ్ళ మిల్లులో పనిచేశారట. కన్నాపొలిస్ అంటే డేల్ ఎర్న్‌హార్ట్ ఊరు. ఏడుసార్లు చాంపియన్, నల్ల కారు, 3 నంబరు. మా పెద్దాయన టేబుల్ మీద కుటుంబం ఫోటో పక్కనే ఆ నల్ల కారు బొమ్మ ఉండేది.

నేను ఒంగోలు దగ్గర పల్లె నుంచి వచ్చినవాణ్ణి. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. ఎడమ వైపుకు గుండ్రంగా తిరగడంలో ఆట ఏముంది అని ఒకసారి ఆయన్నే అడిగాను. కోపం తెచ్చుకోలేదు. 2000 మే నెలలో నన్ను తన బండిలో ఎక్కించుకుని కోకా-కోలా 600కు తీసుకెళ్ళారు.

43 కార్లు ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు ఆ శబ్దం చెవులకన్నా ముందు ఛాతీకి తగిలింది. పక్కటెముకలు అదిరాయి. కానీ నన్ను పట్టి నిలబెట్టింది ఆ శబ్దం కాదు, ఆయన నా చేతిలో పెట్టిన స్కానర్. అందులో ఏ డ్రైవరు నంబరు కొడితే ఆ డ్రైవరు తన మేస్త్రీతో, అదే క్రూ చీఫ్‌తో, మాట్లాడే మాటలు మనకు వినిపిస్తాయి. మలుపులో స్టీరింగ్ తిప్పినా కారు ముక్కు గోడ వైపే పోతుంటే 'టైట్' అంటాడు. వెనక భాగం జారిపోతుంటే 'లూజ్' అంటాడు. గంటకు 180 మైళ్ళ వేగంతో పోతూ ఆ సంగతి మామూలు గొంతుతో చెబుతాడు. కారు పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన ఆగే చోటుకి, రాగానే ఏడుగురు గోడ దూకుతారు. నాలుగు టైర్లు మారుస్తూ, పెట్రోలు పోస్తూ, ఒకడు వెనక అద్దంలో పెట్టిన రంధ్రంలోంచి పొడవాటి రెంచి దించి అర చుట్టు తిప్పుతాడు. అంతా 14, 15 సెకన్ల పని. మళ్ళీ ట్రాక్ మీదికి వెళ్ళాక, "ఇప్పుడు బాగుంది" అని డ్రైవరు అంటాడు. పది ల్యాపుల తర్వాత చూస్తే ముందున్న వాళ్ళు ఒక్కొక్కరే వెనకబడుతుంటారు.

ఆ అర చుట్టు ఎంత మార్పు తెస్తుందో మన చెవులతో విని, మన కళ్ళతో చూస్తాం. అప్పుడు అర్థమైంది నాకు ఈ ఆట. ఆ రోజు గెలిచింది మాట్ కెన్సెత్. ఆ ఏడాదే వచ్చిన కొత్త కుర్రాడు. కొత్తవాడు 600 గెలవడం అదే మొదటిసారి అని పెద్దాయన దారంతా చెబుతూనే ఉన్నారు.

2001 ఫిబ్రవరి 18 గురించి ఎక్కువ రాయలేను. డేటోనా 500 రేసును వాళ్ళింట్లో చూశాం. చివరి ల్యాపు, చివరి మలుపు. ఎర్న్‌హార్ట్ నల్ల కారు గోడకు కొట్టుకుంది. చూస్తే అంత పెద్ద ప్రమాదంలా కూడా అనిపించలేదు. ముందు మైకేల్ వాల్ట్రిప్, వెనకే ఎర్న్‌హార్ట్ కొడుకు డేల్ జూనియర్ గీత దాటారు. ఇద్దరూ ఎర్న్‌హార్ట్ సొంత జట్టు వాళ్ళే. పెద్దాయన మాత్రం టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడ్డారు. సాయంత్రం, ఎర్న్‌హార్ట్ ఇక లేడన్న వార్త చెప్పారు. వాళ్ళావిడ వంటగదిలో గిన్నెలు కడగడం ఆపేసింది. నేను ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు.

మూడు వారాల తర్వాత అట్లాంటా. ఎర్న్‌హార్ట్ నడపాల్సిన కారుకు తెల్ల రంగు వేసి, 29 నంబరు ఇచ్చి కెవిన్ హార్విక్ అనే కుర్రాడి చేతిలో పెట్టారు. ఆ స్థాయిలో అతనికి అది మూడో రేసు. చివర్లో జెఫ్ గోర్డన్ పక్కకు వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి గీత దాటినట్టు కనిపించింది. తేడా 0.006 సెకను. హార్విక్ గెలిచాడు. మూడు వేళ్ళు కిటికీలోంచి బయటికి పెట్టి ట్రాక్ చుట్టూ తిరిగాడు. మా పెద్దాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఈ ఆట నాది అని నాకు అనిపించింది కూడా ఆ రోజే.

ఇంకొకటి చెప్పాలి. 2003 మార్చి 16, డార్లింగ్టన్. షార్లెట్ నుంచి రెండు గంటల దారి. 1950లో కట్టిన ఆ ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఒక వైపు చేపల చెరువు ఉంది, దాని యజమాని చెరువును పోగొట్టుకోవడానికి ఒప్పుకోలేదు. అందుకని ఆ వైపు మలుపు కుదించి కట్టారు. రెండు చివరలూ ఒకలా ఉండవు కాబట్టి ఒక చివర కారు బాగుంటే ఇంకో చివర బాగుండదు. పైగా ఆ రోడ్డు ఆకురాయి లాంటిది, టైర్లను తినేస్తుంది. టైరు అరిగేకొద్దీ కారు జారుతుంది. జారే కారును పట్టుకోగలిగిన చెయ్యి ఏదో అక్కడ తేలిపోతుంది. అసలు రేసింగ్ అంటే నాకు తెలిసి అదే.

ఆ రోజు చివర్లో కర్ట్ బుష్ ముందున్నాడు. అతని కారులో పవర్ స్టీరింగ్ పోయింది, బలమంతా పెట్టి తిప్పుతున్నాడు. వెనక రికీ క్రేవన్. చివరి మలుపులోంచి బయటికి వస్తూ రెండు కార్లూ తలుపుకు తలుపు ఆనించుకుని, పొగలు కక్కుతూ, ఒకదాన్నొకటి గోడకేసి నెట్టుకుంటూ గీత దాటాయి. ఎవరు గెలిచారో మా చుట్టూ ఎవరికీ తెలియలేదు. అందరూ స్కోరు బోర్డు వైపు తిరిగారు. క్రేవన్. తేడా 0.002 సెకను. ముక్కూ మొహం తెలియని ఒకాయన నన్ను పట్టుకుని ఊపేశాడు. నేనూ ఆయన్ని ఊపేశాను.

అక్కడి నుంచి ఇక తగ్గుతూ రావడమే. ఏ రోజు మొదలైందో చెప్పలేను. 2003లో కెన్సెత్ ఒకే ఒక్క రేసు గెలిచి, మిగిలిన వారాలన్నీ నిలకడగా నడిపి చాంపియన్ అయ్యాడు. ఏడాది పొడవునా తప్పు చేయకపోవడం కూడా గొప్పే కదా. అది చాలదని మరుసటి ఏడాదికి లెక్క మార్చారు. చివరి పది రేసులకు ముందు పాయింట్లు దగ్గరకు చేర్చి మళ్ళీ మొదలుపెట్టించారు. అదే 2004లో రాకింగ్‌హామ్ ట్రాక్‌లో ఆఖరి కప్ రేసు (నాస్కార్‌లో పై స్థాయి రేసు) జరిగింది. డార్లింగ్టన్ నుంచి లేబర్ డే (సెప్టెంబరు తొలి సోమవారం సెలవు) వారాంతపు రేసు తీసేసి కాలిఫోర్నియాకు ఇచ్చారు. తరతరాలుగా ఆ ఆదివారం అక్కడికే వెళ్ళిన కుటుంబాలు ఉన్నాయి. మన దగ్గర తిరునాళ్ళ తేదీ మార్చి వేరే జిల్లాకు పంపేస్తే ఎలా ఉంటుందో అలా ఉండింది ఇక్కడి పల్లెల్లో.

వాటి బదులు వచ్చినవి మైలున్నర ట్రాకులు. టెక్సస్, లాస్ వేగస్, షికాగోలాండ్, కాన్సస్. అన్నీ 1990లలోనూ 2001లోనూ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా లేచాయి. మా షార్లెట్ కూడా మైలున్నరే, అట్లాంటా కూడా ఇంచుమించు అంతే. కాబట్టి తప్పంతా కొలతది అనడం న్యాయం కాదు. అసలు సంగతి గాలిది.

ముందు వెళ్ళే కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది. కారును రోడ్డుకు అదిమి పట్టేది ఆ గాలే. వెనక వచ్చే కారుకు మిగిలేది చెదిరిన గాలి. మలుపులో దాని ముక్కు తేలికైపోతుంది, ముందు టైర్లు పట్టు తప్పుతాయి, కారు పైకి గోడ వైపు జారుతుంది. డ్రైవరు కాలు తీయాలి. కాలు తీశాడంటే మళ్ళీ పది కార్ల దూరం. 1990ల నుంచి ఏడాదికేడాది ఇంజనీర్లు గాలి సొరంగాల్లో కారును చెక్కేకొద్దీ, ఆ కారు గాలి మీద ఆధారపడటం పెరిగింది. ఒంటరిగా పోతే బాణం. ఇంకొకరి వెనకపడితే గోడకు అతుక్కున్న బల్లి. వెనకవాడు ఎంత గొప్ప చేతివాడైనా సరే, ముందువాడి వెనక గాలే అతనికి అడ్డుగోడ. ఇక పిట్‌లోంచి ఎవరు ముందు బయటపడితే వాడిదే రేసు. స్కానర్లో మాటలు కూడా మారిపోయాయి. మునుపటి అర చుట్టు ముచ్చట్లు పోయి, "గాలి దొరకట్లేదు" అన్న ఒక్క మాటే ఏ నంబరు కొట్టినా.

2007లో కొత్త కారు తెచ్చారు. ఎర్న్‌హార్ట్ పోయాక వచ్చిన భద్రత పాఠాలన్నీ అందులో ఉన్నాయి. డ్రైవర్ల ప్రాణాలు కాపాడినందుకు దానికి దండం పెడతాను, అందులో రెండో మాట లేదు. కానీ పోటీ మాత్రం బాగుపడలేదు. 2008 ఇండియానాపొలిస్ సంగతి చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. ఆ కారు కింద టైర్లు పది, పన్నెండు ల్యాపులకే పొడి పొడిగా రాలిపోయాయి. పేలిపోకముందే ఆపాలని కొద్ది ల్యాపులకోసారి పసుపు జెండా ఊపి, అందరినీ పిట్‌లోకి పిలిచి, టైర్లు మార్పించి, మళ్ళీ వదిలారు. రేసు మొత్తం అలాగే. పెద్దాయన టీవీ కట్టేసి, లేచి వెళ్ళి గడ్డి కోసుకున్నారు.

2010లో మా నాన్న వచ్చారు. చెవుల్లో దూది పెట్టించి 600కు తీసుకెళ్ళాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, కార్ల గురించి అంతకన్నా తెలియదు. కానీ పోటీ అంటే తెలుసు. ఒంగోలు ఎడ్ల జతను మేపి, సంక్రాంతికీ తిరునాళ్ళకీ బండలాగుడు పోటీలకు తోలుకెళ్ళిన మనిషి. పిట్‌లో టైర్లు మార్చేవాళ్ళను చూసి చాలా ముచ్చటపడ్డారు. "వీళ్ళు పనివాళ్ళురా" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి నా భుజం తట్టి అడిగారు.

"ఏరా, ఇంతమంది జనం ఉన్నారు, ఒక్కరూ అరవడం లేదేంది?"

నాకు జవాబు తోచలేదు. మా ఊరి పోటీల్లో ఎడ్లు బండను కదపలేక మోకాళ్ళ మీద పడితే చుట్టూ ఉన్న జనమంతా లేచి, గొంతులు చించుకుని, అరుపులతోనే వాటిని లేపేవాళ్ళు. జత మనది కాకపోయినా అరిచేవాళ్ళం. నాన్న అడిగిన మాట పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మా నాన్న వైపు చూసి, చేయి చాచి, చాలాసేపు పట్టుకుని వదిలారు. ఆ రేసు గెలిచింది కర్ట్ బుష్, డార్లింగ్టన్‌లో రెప్పపాటులో ఓడిన అదే బుష్. చాలా ల్యాపులు అతనే ముందున్నాడు. ఓడిన రోజు అతని కోసం అంతమంది లేచి నిలబడ్డారు, గెలిచిన రోజు జనం పార్కింగ్ వైపు నడుస్తూ కనిపించారు.

అందుకే 2016లో ఆయన హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టేస్తే నేను వద్దనలేకపోయాను. మరుసటి ఏడాది ఆయన టికెట్లు కొనలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు. ఒక్కణ్ణీ వెళ్ళబుద్ధి కాలేదు. 2017లో రేసును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు విడిగా పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత గుర్రపుశక్తి తగ్గించి వెనక రెక్క పెంచారు. ఒక్కో ఏడాది ఒక్కో మందు. రోగం పేరు మాత్రం ఎవరూ గట్టిగా పలకలేదు.

2022లో మళ్ళీ కొత్త కారు. ఒకటే పెద్ద నట్టుతో బిగించే 18 అంగుళాల చక్రాలు, అడుగున గాలి పోయే దారి, కొత్త గేరు పెట్టె. ఈసారి విచిత్రం జరిగింది. ఇన్నేళ్ళు మేము తిట్టుకున్న మైలున్నర ట్రాకుల మీద రేసులు బాగుపడ్డాయి. మేము ప్రాణంగా చూసుకున్న చిన్న ట్రాకులు చచ్చుబడ్డాయి. మార్టిన్స్‌విల్ అర మైలు ట్రాక్. గెలిచినవాడికి నిలువెత్తు గడియారం ఇస్తారు. ఒకప్పుడు అక్కడ బంపరుతో మెల్లగా తట్టి దారి చేసుకునేవాళ్ళు. ఆ ఏప్రిల్ నెల చలి రాత్రి అక్కడికి మా అబ్బాయితో వెళ్ళాను. ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా తిరిగాయి. "నాన్నా, ఎవరూ ఎవర్నీ దాటరా?" అని వాడు రెండుసార్లు అడిగాడు. మా నాన్న అడిగిన ప్రశ్నే అది, మాటలే వేరు.

అదే ఏడాది అక్టోబరు 30న అదే మార్టిన్స్‌విల్‌లో రాస్ చాస్టెయిన్ చివరి ల్యాపులో ఏం చేశాడో ప్రపంచమంతా చూసింది. కారును బయటి గోడకు ఆనించి, బ్రేకు మాట మర్చిపోయి, గోడనే ఆసరాగా చేసుకుని దూసుకుపోయి ఐదుగురిని దాటేశాడు. చాంపియన్‌షిప్ ఆఖరి పోటీలో చోటు దక్కించుకున్నాడు. ఒంగోలు నుంచి మా మేనమామ కొడుకు కూడా ఆ వీడియో పంపి, "బావా, నువ్వు చూసే ఆట ఇదేనా?" అని అడిగాడు. అంత ధైర్యం చూసి నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ అది చూసిన కోట్లమందిలో ఎంతమంది అంతకుముందు 499 ల్యాపులు చూశారు? మామూలుగా దాటే దారి ఉంటే అతను గోడ ఎక్కేవాడా? తర్వాతి ఏడాది నుంచి అలా చేయకూడదన్నారు. గోడ ఎక్కనివ్వకపోవడం సరే, దాటే దారి ఇవ్వాలి కదా.

2024 మే 5న పెద్దాయనను చూడటానికి కన్నాపొలిస్ వెళ్ళాను. ఇప్పుడు పెద్దవయసు, మోకాళ్ళు సహకరించవు. ఆ ఆదివారం కాన్సస్ రేసు. వాన వల్ల ఆలస్యంగా మొదలైంది. టీవీ శబ్దం తగ్గించి పెట్టుకుని మిల్లు రోజుల గురించి మాట్లాడుకున్నాం. కాసేపటికి ఆయన కుర్చీలోనే నిద్రపోయారు. లేపకుండా వెళ్ళిపోదామనుకుని చెప్పులు కూడా వేసుకున్నాను.

చివర్లో పసుపు జెండా పడి, మళ్ళీ రెండు ల్యాపులకు వదిలారు. క్రిస్ బ్యూషర్ ముందు. చివరి మలుపులో కైల్ లార్సన్ పై నుంచి వచ్చాడు. రెండు కార్లూ ఒకదానికొకటి తగిలాయి. తగులుతూనే గీత దాటాయి. నా నోట్లోంచి ఎంత పెద్ద కేక వచ్చిందో పెద్దాయన ఉలిక్కిపడి లేచారు. ఎవరు గెలిచారని అడిగితే తెలియదన్నాను. నిజంగానే కాసేపు ఎవరికీ తెలియలేదు. తర్వాత చెప్పారు, లార్సన్ అని. తేడా 0.001 సెకను. మేమిద్దరం డార్లింగ్టన్‌లో నిలబడి చూసిన దానికన్నా తక్కువ. కప్ చరిత్రలోనే అన్నిటికన్నా తక్కువ.

మెల్లగా తిప్పి చూపిస్తుంటే ఆయన టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడ్డారు. 2001లో నిలబడినట్టే.

"మైలున్నర ట్రాక్ మీదా?" అన్నారు. అవునన్నాను. మళ్ళీ అదే అడిగారు. మళ్ళీ అవునన్నాను.

ఈ ఒక్క రేసుతో ఇన్నేళ్ళ బాధ తీరిపోయిందని చెప్పను. చిన్న ట్రాకులు ఇంకా అలాగే ఉన్నాయి. ముందువాడి గాలి ఇంకా గోడలాగే ఉంది. ఆ మాట ఆయనతోనూ అన్నాను. ఆయన వింటున్నట్టు లేరు. హాల్లో అలమర తలుపు తీసి, కింది అరలో చేయి పెట్టి ఏదో వెతుకుతున్నారు. "వచ్చే ఆదివారం డార్లింగ్టన్ కదా, టికెట్లున్నాయేమో చూడు" అన్నారు అటు తిరిగే.

నేను ఫోన్ తీసి చూస్తుండగా ఆయన సంచి బయటికి లాగారు. 2016లో చుట్టిన వైరు చుట్టినట్టే ఉంది. హెడ్‌ఫోన్ల స్పాంజి మాత్రం ముట్టుకుంటే పొడి రాలింది.